తీతా రెమీ వేసిన మల్లెదండ

మొన్న ఆదివారం ఇక్కడ ఆక్లాండ్‌లో కారప్పొడి చేద్దామని మూకుడులో అవిసె గింజలు వేయిస్తున్నాను. మౌంట్ రాస్కిల్‌లో మా వంటింటి కిటికీ బయట వాన, లోపల గింజల చిటపటలు. ఫోన్ చూసుకుంటూ కాస్త మాడబెట్టాను. మాడగానే ఒక వాసన లేచింది. నూనె వాసన, కొంచెం చేదు, కొంచెం తీపి. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా అమ్మాయి గదిలోంచి "అమ్మా, ఈజ్ సంథింగ్ బర్నింగ్?" అని అరుస్తోంది. మాడితే మాడనీ తల్లీ అనుకున్నాను. ఆ వాసన నాకు వంటింటిది కాదు. మౌంట్ ఆల్బర్ట్‌లో ఒక డెయిరీకీ (ఇక్కడ చిల్లర కొట్టును అలాగే అంటారు) ఒక లాండ్రీకీ మధ్య ఇరుక్కుని ఉండిన పటాలు కట్టే కొట్టుది. చిత్రకారులు రంగుల్లో కలిపే నూనె ఈ అవిసె గింజలదేనని నాకు అక్కడే తెలిసింది. ఆ కొట్టు యజమానురాలు రెమెదియోస్ గారు. అందరికీ తీతా రెమీ. తీతా అంటే వాళ్ళ ఫిలిప్పీన్స్‌లో పిన్ని, అత్త, ఆంటీ, అన్నీ. కిందటి చలికాలంలో పోయారు. ఆవిడ గురించి రాయాలని అప్పటినుంచీ మనసు పీకుతూనే ఉంది, ఇవాళ్టికి కూర్చున్నాను.

ఆక్లాండ్ వచ్చిన కొత్తలో నా సంగతి ఏమిటంటే, మా ఆయనకు ఐటీ ఉద్యోగం, నాకు బీకాం పట్టా, ఇంటి నిండా ఖాళీ. ఎక్కడ అప్లై చేసినా 'కివీ ఎక్స్‌పీరియన్స్ ఉందా', అంటే న్యూజీలాండ్‌లో పనిచేశావా అని అడిగేవారు. దేశంలో అడుగుపెట్టి నాలుగు రోజులు కాలేదు, అనుభవం ఎక్కణ్ణుంచి తేవాలి? మా అమ్మ ఆవకాయతో పాటు పార్సెల్ చేసిందా? అలా ఉడికిపోతున్న రోజుల్లో మా పెళ్ళి ఫొటో అద్దం పగిలితే వేయించుకుందామని ఆ కొట్టుకు వెళ్ళాను. లోపల ఎవరూ లేరు. గోడ మీద ఒక పటం పక్కకు ఒరిగి ఉంది. నా బుద్ధి ఊరుకోదు కదా, వెళ్ళి సర్దాను. వెనకనుంచి పెద్ద గొంతు. "ఎందుకు ముట్టుకున్నావు?" "వంకరగా ఉందండీ." "పొద్దుటినుంచి ఎంతమంది వచ్చారో తెలుసా? ఒక్కరికీ కనపడలేదు. సోమవారం నుంచి పనికి వస్తావా?" ఆవిడ కావాలనే ఒక పటాన్ని వంకరగా తగిలించి ఉంచేవారని తర్వాత తెలిసింది. నా ఇంటర్వ్యూ అదే. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగేవి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

పొట్టి మనిషి. ఎర్రటి లిప్‌స్టిక్, చెవులకు ముత్యాలు, వాటి కింద ఏనాడూ ఉతికినట్టు కనపడని ఏప్రాన్. నోరు మాత్రం కొట్టంతా నిండేది. కోపం వచ్చినా, నవ్వు వచ్చినా, అద్దం పగిలినా ఒకటే కేక, "అయ్ నాకూ!" అని. అంటే మన 'అయ్యో రామా' లాంటిది. కస్టమర్లను తిట్టడంలో ఆవిడకు ఎవరి పట్టింపూ లేదు. ఒకసారి ఒక కివీ పెద్దాయన తన కొడుకు రగ్బీ జెర్సీ తెచ్చి బంగారు రంగు ఫ్రేము కావాలన్నాడు. "నీ కొడుకు ఈ చొక్కాలో చెమటోడ్చాడు. ఇది రాజుగారి కోటు కాదు. నల్ల చెక్క వేస్తాను, తీసుకుపో" అని పంపేశారు. వారం తర్వాత ఆయన వచ్చి, పటం చూసి, కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు. నన్ను ఇహా అని పిలిచేవారు. అమ్మాయీ అని అర్థం. నా పేరు పలకడం ఆవిడకు ఎన్నడూ సరిగ్గా రాలేదు, నేనూ పట్టుబట్టలేదు.

మనీలాలో ఒక కాలేజీలో పెయింటింగ్ పాఠాలు చెప్పేవారట. భర్త పోయాక, ఇక్కడి టౌరంగా ఊళ్ళో నర్సుగా పనిచేస్తున్న కూతురు రమ్మంటే వచ్చారు. "కూతురి ఇంట్లో సోఫాలో కూర్చుని కివీపండ్లు తింటూ ముసలిదాన్ని అవడం నా వల్ల కాదు" అని ఆక్లాండ్ వచ్చి ఈ కొట్టు తీసుకున్నారు. వచ్చినప్పటి నుంచీ కుంచె ముట్టలేదు. రంగుల పెట్టె, చెక్కది, అటక మీద దుమ్ము పట్టి ఉండేది. ఎందుకు గీయరని నేను అడిగితే, "ఇక్కడ నన్ను గీయమని ఎవరు అడిగారు? నేను ఇక్కడ చిత్రకారిణిని కాదు ఇహా. ఇతరుల బొమ్మలకు నాలుగు చెక్కలు కొట్టేదాన్ని" అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ నాకు చివుక్కుమంది. అదే మాట నా బీకాం గురించి నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

తను గీయకపోయినా నా చేత మాత్రం గీయించారు. మొదటి పాఠం ఒక పాదం. రోమన్ విగ్రహానికి నకలు తీసిన తెల్లటి ప్లాస్టర్ పాదం, మడమ దగ్గర విరిగింది. మనం చీరలూ నగలూ తెచ్చుకున్నట్టు ఆవిడ దాన్ని మనీలా నుంచి గుడ్డల్లో చుట్టి తెచ్చుకున్నారు. బల్ల మీద పెట్టి గీయమన్నారు. ఎవరి పాదమో తెలియకపోయినా పాదమే కదా, ముట్టుకోగానే అలవాటు కొద్దీ చేతులు కళ్ళకద్దుకున్నాను. ఆవిడ వింతగా చూశారు. "ఏం చేశావు?" "మా అలవాటు తీతా. గౌరవం." "బాగుంది. మా విద్యార్థులు దీని మీద సిగరెట్ బూడిద దులిపేవారు." ప్రతి గురువారం మధ్యాహ్నం ఆ పాదమే. నేను గీసినదాన్ని చూసి, "ఇది పాదం కాదు, బంగాళదుంప. మళ్ళీ" అనేవారు. ఎముక ఎక్కడుందో తెలియకుండా చర్మం గీయొద్దని ఆవిడ మొదటి సూత్రం. పాత గ్రీకు, రోమన్ శిల్పాల కొలతలే చదువు అనుకున్న అకాడమీల పద్ధతి అది. నేను ఆ పాదాన్ని కలలో కూడా గీశాను.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ తన అన్నం, వేయించిన చేప, నా పులిహోర డబ్బా పక్కకు జరిపి, అచ్చు బొమ్మలు పరిచేవారు. తమ దేశపు కథ మొత్తం బొమ్మల్లోనే చెప్పేవారు. మొదట చర్చి గోడల మీద పునీతులు. తర్వాత చెరకు తోటలతో డబ్బు చేసుకున్న కుటుంబాలు తమ ముఖాలు గీయించుకున్నాయి. ఆ చిత్రాల్లో ముఖం కంటే రవిక మీద ఎక్కువ పనితనం కనపడేది. అనాస ఆకుల నారతో నేసిన పల్చటి గుడ్డ, దాని మీద కుట్టుపని, ఒక్కో దారం విడివిడిగా. "ముఖం అందరికీ ఉంటుంది ఇహా. ఆ కుట్టు ఆ ఇంటిది" అన్నారు. ఆ తర్వాత కొందరు యువకులు ఓడలెక్కి స్పెయిన్‌కూ, రోమ్‌కూ వెళ్ళారు. మూడు వందల ఏళ్ళకు పైగా తమను ఏలుతున్నవాళ్ళ అకాడమీల్లో చదివి, వాళ్ళ పోటీల్లోనే పతకాలు కొట్టుకొచ్చారు. వాటిలో ఒక బొమ్మ గోడంత ఉంటుందట. రోమ్‌లో కత్తి పందేల్లో చచ్చిపోయిన బానిసలను నేల మీద ఈడ్చుకుపోతుంటారు. "రోమ్ గొడవ మీవాళ్ళకు ఎందుకు తీతా?" అన్నాను. ఆవిడ చెంచా కింద పెట్టారు. "గీసింది రోమ్‌నే. చూసినవాళ్ళకు మనీలా కనపడింది. ఈడుస్తున్నది ఎవరో, ఈడ్చబడుతున్నది ఎవరో మావాళ్ళకు వేరే చెప్పాలా?"

తర్వాతి తరం బొమ్మలు వేరు. పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్ళు, వెనకనుంచి బంగారు ఎండ, అందరి ముఖాల్లో నవ్వు. వాటితో నాకు పేచీ వచ్చింది. "మా తెనాలి చుట్టుపక్కల నాట్లు చూస్తూ పెరిగాను తీతా. నడుములు పడిపోతాయి, కాళ్ళకు జలగలు పడతాయి. ఇలా ఎవరూ నవ్వరు. పచ్చి అబద్ధం." ఆవిడ వెంటనే, అద్దం వేశాక కొట్టు గోడకే తగిలించుకున్న నా పెళ్ళి ఫొటో వైపు వేలు చూపించారు. "మరి నువ్వెందుకు నవ్వావు అందులో? కాళ్ళు నొప్పి పెట్టలేదా ఆ రోజు?" కాళ్ళే కాదు, ఆ రోజు నాకు జ్వరం కూడా. మళ్ళీ ఆవిడే మెత్తబడి, "నువ్వన్నది తప్పు కాదు. నా విద్యార్థులూ అలాగే తిట్టేవారు. కానీ మా అమ్మ నాట్లు వేసిన మనిషి ఇహా. వంటింట్లో ఆ బొమ్మ ఉన్న క్యాలెండర్‌ను ఏడాది అయిపోయినా తీయనిచ్చేది కాదు" అన్నారు. ఆ రోజే ఎండను ముఖం మీద కాకుండా మనిషి వెనక పెట్టి గీయడం నేర్పారు. జుట్టు అంచులు వెలుగుతాయి, ముఖం నీడలో ఉంటుంది, చూసేవాళ్ళు దగ్గరికి వస్తారు.

ఇలా ఉండగా ఒకరోజు స్వప్న వచ్చింది. మా వీధి చివర ఉండే అమ్మాయి. అమ్మానాన్నలు తనతోనే ఉంటారు. నాన్న రామ్మోహన్ గారు, హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అమ్మ భారతి గారు. స్వప్న చేతిలో నాన్న ఫొటో. వ్రతం రోజున తీసింది, పట్టు కండువా, నుదుట కుంకుమ బొట్టు. "అక్కా, నెక్స్ట్ మంత్ డాడీకి షష్టిపూర్తి. లాస్ట్ ఇయర్ స్టెంట్ పడింది కదా, అమ్మ బాగా భయపడిపోయింది. అందుకే గ్రాండ్‌గా చేస్తున్నాం. దీన్ని బ్లోఅప్ చేయించి ఫ్రేమ్ కట్టించాలి" అంది. ఫొటో పెద్దది చేస్తే మసకబారేలా ఉంది. నా నోరు ఊరుకుందా! "ఫొటో ఎందుకు స్వప్నా, మా తీతా పెయింటింగ్ వేస్తారు. పెద్ద ప్రొఫెసర్ తెలుసా?" అనేశాను. స్వప్న ఎగిరి గంతేసింది. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

స్వప్న వెళ్ళాక అరగంట సేపు అక్షింతలు పడ్డాయి. నిన్ను ఎవరు అడిగారు, నా చెయ్యి తుప్పు పట్టింది, నీకు నోటికి తాళం లేదా, అన్నీ. కానీ సాయంత్రం కొట్టు మూసేవేళ, "ఆ పెట్టె దించు" అన్నారు. దుమ్ము తుడిచి మూత తీసి, ఎండిపోయిన ట్యూబులు ఒక్కొక్కటే పక్కన పెడుతూ, "విను ఇహా. ఒక్కసారి ప్రయత్నిస్తాను. వాళ్ళు దీన్ని ఇంటికి తీసుకెళ్ళి గోడకు తగిలించుకుంటే నేనింకా చిత్రకారిణినే. తగిలించుకోకపోతే ఈ పెట్టె నీకు ఇచ్చేస్తాను. ఇంక ఈ మాట నా దగ్గర ఎత్తకూడదు" అన్నారు. ఆ ముసలామె తన మిగిలిన బతుకంతా ఆ ఒక్క బొమ్మ మీద పెట్టిందని నాకు అర్థమైంది. దేవుడా, బాగా రావాలి అని దణ్ణం పెట్టుకున్నాను.

బొమ్మ పూర్తయ్యేవరకూ ఎవరికీ చూపించరు. దుప్పటి కప్పి ఉంచేవారు. అది కూడా ఆవిడ కాలేజీ పద్ధతే. సగంలో ఎవరైనా ఒక మాట అంటే ఆ మాట చేతిలోకి దిగిపోతుందట. నాకు దక్కింది అవిసె నూనె వాసనా, వెనక గదిలోంచి ఆవిడ కూనిరాగాలూ. మధ్యలో ఒకసారి తలుపు సందులోంచి తొంగిచూసి, "మీ వాళ్ళలో గొప్ప మనిషిని గౌరవించాలంటే ఏం చేస్తారు?" అని అడిగారు. నేను అద్దం కోస్తున్నాను. "దండ వేస్తాం తీతా, శాలువా కప్పుతాం" అన్నాను. "పూలదండా? ఏ పూలు?" "మల్లెలైతే ఇంకా మంచిది." ఆవిడ ముఖం వెలిగిపోయింది. "మావాళ్ళూ అంతే! అచ్చం అంతే!" అంటూ లోపలికి వెళ్ళిపోయారు. నేను చెప్పినదాంట్లో తప్పేముంది చెప్పండి? మనం చేసేది అదే కదా.

చూపించే రోజు ఆవిడ కొత్త లిప్‌స్టిక్ వేసుకుని, పట్టు జాకెట్టు తొడుక్కుని వచ్చారు. అంకుల్, ఆంటీ, స్వప్న వరసగా నిలబడ్డారు. తీతా దుప్పటి లాగారు. బొమ్మ మధ్యలో రాతితో చెక్కినట్టు కోడిగుడ్డు ఆకారపు చట్రం, అందులో రామ్మోహన్ అంకుల్, బొట్టుతో, కండువాతో, రోమన్ పెద్దమనిషిలా నిటారుగా. కింద రాతి పలక మీద పేరు, పుట్టిన సంవత్సరం. చట్రం చుట్టూ పైనుంచి కిందిదాకా వేలాడుతూ తెల్లటి మల్లెదండ. వాసన వస్తుందేమో అన్నంత నిజంగా ఉంది. పాత యూరప్ చిత్రాల్లో మహానుభావుల పటాలకు అలాగే దండ చుడతారు. ఆవిడకు తెలిసిన గౌరవాల్లో అంతకు మించింది లేదు. భారతి ఆంటీ కళ్ళు దండ మీదనుంచి బొట్టు మీదకు, అక్కడినుంచి పుట్టిన సంవత్సరం పక్కనున్న ఖాళీ మీదకు వెళ్ళాయి. "అయ్యో, అయ్యో! బతికున్న మనిషి పటానికి దండేమిటే! స్వప్నా, నాకు కళ్ళు తిరుగుతున్నాయే" అంటూ అంకుల్ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. స్వప్న నా మీద విరుచుకుపడింది. "అక్కా, వాట్ ఈజ్ దిస్? నువ్వైనా చెప్పొద్దా?" తీతా ఇంకా నవ్వుముఖంతోనే నిలబడి ఉన్నారు, మెచ్చుకుంటున్నారేమో అనుకుని. ఎవరూ మెచ్చుకోవడం లేదని తెలిసేసరికి వాళ్ళు గుమ్మం దాటేశారు. అంకుల్ ఒక్కరే వెనక్కి తిరిగి ఇంకోసారి చూశారు.

నేను చెప్పాను. మా ఇళ్ళల్లో పటానికి దండ పడిందంటే ఆ మనిషి లేనట్టు అని. తీతా స్టూలు మీద కూలబడి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నారు. "గౌరవం అనుకున్నాను ఇహా. ఆ అమ్మకు భర్త శవం చూపించానా?" అన్నారు. బొమ్మను గోడవైపు తిప్పేశారు. రంగు గుడ్డతోనే లిప్‌స్టిక్ తుడిచేసుకున్నారు. పెట్టె నా చేతిలో పెట్టి, "మాటంటే మాట" అన్నారు. దాన్ని ఇంటికి తెచ్చి మంచం కిందకు తోశాను, మూత తీయబుద్ధి కాలేదు. అందరి మీదా కోపం వచ్చింది. అంత భయం ఎందుకని ఆంటీ మీద, ఆ దిక్కుమాలిన దుప్పటి మీద, పటానికి దండ వేయొచ్చా అని ఒక్క మాట అడగలేదని తీతా మీద. ఆ తర్వాత కొట్టులో మేమిద్దరం చెక్కలు కోస్తూ, మేకులు కొడుతూ, అవసరమైన మాటలే మాట్లాడుకునేవాళ్ళం. గురువారాలు వచ్చి పోయాయి, పాదం బల్ల మీదకు రాలేదు.

షష్టిపూర్తి అయిపోయింది. ఆ తర్వాత ఒక ఉదయం రామ్మోహన్ అంకుల్ ఒక్కరే బస్సెక్కి కొట్టుకు వచ్చారు. "గుడ్ మార్నింగ్ మేడమ్. నా బొమ్మ నేను సరిగ్గా చూడనే లేదు. ఓసారి తిప్పండి" అన్నారు. తీతా కదల్లేదు, నేనే తిప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, స్టూలు లాక్కుని, చాలాసేపు చూశారు. ఆయనకు ఇంగ్లీషు వచ్చు కానీ మనసులో మాట తెలుగులోనే వస్తుంది. "చెప్పమ్మా ఆవిడకి. పటానికి దండ పడాలంటే దేవుడైనా అవ్వాలి, పోయైనా పోవాలి. నేను ఇంకా రెండూ కాలేదు, అందుకని మా ఆవిడ హడలిపోయింది. ఆస్పత్రిలో నన్ను చూసినప్పటి నుంచీ అంతే, చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడుతుంది. బొమ్మలో తప్పేం లేదు. నా ఎడం చెవి కాస్త ముందుకు వంగి ఉంటుంది. మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు. ఈవిడ ఎలా కనిపెట్టింది? జీవితమంతా పిల్లల ముందు నిలబడ్డాను, నన్ను ఇంత శ్రద్ధగా ఎవరు చూశారమ్మా?" ఒక్కో మాటా ఇంగ్లీషులో చెప్పాను. తీతా తల వంచుకుని వింటున్నారు.

అప్పుడాయన ఫోన్ తీసి షష్టిపూర్తి ఫొటో చూపించారు. ఆయన మెడలో దండ, ఆంటీ మెడలో దండ, ఇద్దరూ మళ్ళీ పెళ్ళి పీటల మీద. "ఇదిగో మేడమ్, దండ పడాల్సింది ఇక్కడ. పటానికి కాదు, మెడకి. నన్ను ఒంటరిగా గీశారు కాబట్టి వచ్చింది ఈ తంటా అంతా. పక్కన మా ఆవిణ్ణి కూర్చోబెట్టి గీయండి" అన్నారు ఈసారి ఇంగ్లీషులోనే. తీతా ఆ ఫొటో దగ్గరగా చూసి, "ఆవిడ వస్తుందా?" అన్నారు. "నా మాట ఎన్నడూ వినలేదు. కానీ నా మనసు కష్టపెట్టొద్దని డాక్టర్ చెప్పాడు కదా, ఆ ఆయుధం ఉంది నా దగ్గర" అని ఆయన కన్ను గీటారు. తీతా నవ్వారు. ఎన్నాళ్ళకు విన్నానో ఆ నవ్వు. ఆ మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళి మంచం కింద పెట్టె లాగి తెచ్చి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టాను.

భారతి ఆంటీ వచ్చింది కానీ గుమ్మంలోనే ఆగిపోయింది. "ముందు అదెక్కడుందో చూపించు అమ్మాయ్. అది ఉన్నంతసేపు నేను కూర్చోను" అంది. నేను అనువాదం చేయనక్కర్లేకపోయింది. తీతా ఆ బొమ్మ తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. తను వేసిన దండను ఒకసారి పైనుంచి కిందిదాకా చూసుకున్నారు. తర్వాత గీకుడు కత్తి తీశారు. "వద్దు తీతా, లోపల దాచేద్దాం, ఎవరికీ కనపడదు" అన్నాను. "ఈ అమ్మ ఇంటికి వెళ్ళి నిద్రపోవాలి కదా ఇహా" అని మొదలుపెట్టారు. పూవు పూవు గీకేస్తుంటే తెల్లటి పొట్టు బల్ల మీద రాలుతోంది. ఏళ్ళ తర్వాత ఆ చేతులు వేసిన మొదటి బొమ్మ అది. నాకు ఏడుపు ఆగలేదు. కోపంగా వచ్చిన ఆంటీ సగంలోనే, "చాలని చెప్పు అమ్మాయ్, ఇంక చాలు. పాపం ఎంత కష్టపడి వేసిందో" అని నా భుజం కుదిపింది. తీతా ఆపలేదు. పుట్టిన సంవత్సరంతో సహా అంతా పోయి గుడ్డ నేత కనపడ్డాక, ఆ గుడ్డనే అడ్డంగా తిప్పి, తెల్లరంగు పూసి పక్కన పెట్టారు. ఇద్దరు పట్టాలి కదా మరి. అప్పుడు ఆంటీ లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది.

తర్వాతి శనివారాలు ఆ కొట్టుకు పండగలు. ఈసారి దుప్పటి లేదు. ఎవరు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చని ఆవిడే అన్నారు. పడమటి కిటికీ ముందు ఇద్దరినీ కూర్చోబెట్టారు, మధ్యాహ్నపు ఎండ వాళ్ళ వెనక. అంకుల్ రోమన్ విగ్రహంలా నిటారుగా మొదలై, పది నిమిషాల్లో కునికేవారు. ఆంటీ గద్వాల చీర అంచును తీతా ఒక్కో పోగూ గీశారు. ఆంటీ లేచి వచ్చి, ముక్కు ఆనించి చూసి, "ఈ మామిడి పిందె తోక అటు తిరగాలి, రెమీ గారికి చెప్పు" అనేది. తీతా వెంటనే దిద్దేవారు. ఆంటీ గారెలు తెచ్చేది, తీతా కొబ్బరి బియ్యం రొట్టెలు తెచ్చేవారు. ఆంటీకి వచ్చిన ఇంగ్లీషు నలభై మాటలు ఉండవు, అయినా నన్ను మాట్లాడనిచ్చేవారు కాదు. ఒకరోజు వెనక గదిలో ఆంటీ ఏడుస్తుంటే తీతా వీపు నిమురుతున్నారు. ఏ భాషలో చెప్పుకున్నారో నాకు తెలియదు.

బొమ్మ పూర్తయిన రోజు అందరం అక్కడే ఉన్నాం. ఇద్దరి మెడల్లో మల్లెదండలు, పూల అంచులకు ఎండ తగిలి వెలుగుతున్నాయి. ఆంటీ ముఖం నీడలో ఉంది, దగ్గరికి వెళితే ఆయన వైపు ఓరగా చూస్తున్నట్టు తెలుస్తుంది. ఆ చూపులో భయం కూడా ఉంది, తీతా దాన్ని దాచలేదు. ఆంటీ బొమ్మ ముందు నిలబడి, "మా హాల్లోనే పెట్టాలి, వచ్చినవాళ్ళందరికీ కనపడేలా" అంది. నేను చెప్పగానే తీతా కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి సన్న కుంచె తీసుకుని, బొమ్మ కింద కుడి మూల తన పేరు రాశారు. రాసి ఆగిపోయారు. "పాతవాళ్ళు పేరు కింద ఊరు కూడా రాసేవారు ఇహా. మా వాళ్ళు రోమ్ అని రాశారు, మాడ్రిడ్ అని రాశారు. నేను ఎప్పుడూ మనీలా అనే రాశాను. ఇప్పుడేం రాయను?" నేను ఆంటీకి తెలుగులో చెప్పాను. ఇందులో అడిగేదేముంది అన్నట్టు చూసింది ఆంటీ. "ఎక్కడ కూర్చుని వేస్తే అక్కడి పేరే కదా రాసుకోవాలి. మౌంట్ ఆల్బర్ట్ అని రాయమను." తీతా నవ్వబోయి ఏడ్చేశారు. ఏడుస్తూనే, ఒక్కో అక్షరం నెమ్మదిగా, ఆ ఊరి పేరు రాశారు.

ఆ తర్వాత ఆవిడ చాలా బొమ్మలు వేశారు. మోకాళ్ళు మొరాయించాక టౌరంగాలో కూతురి దగ్గరికి వెళ్ళి, అక్కడా వేశారు. వాటిలో చివరిది ఆవిడ మంచం పక్కన ఉండగా వెళ్ళి చూశాను. కింద టౌరంగా అని ఉంది. ఆ కొట్టు ఇప్పుడు ఒక బ్యూటీ పార్లర్. నేను ఆఫీసు పని చేసుకుంటూ, శనివారాలు మా గ్యారేజీలో బొమ్మలు వేస్తాను. పాదాలు ఇప్పటికీ నాకు సరిగ్గా రావు. బొమ్మ అయ్యాక పేరు రాస్తాను. దాని కింద చెయ్యి ముందు తెనాలి వైపే పోతుంది. అదేం నా తప్పు కాదు, పుట్టిన ఊరు. ఒక నిమిషం ఆగి, కళ్ళు తుడుచుకుని, మౌంట్ రాస్కిల్ అని రాస్తాను.